పీతి గుడ్డల మీద నా తీర్పు

మీ బిడ్డ పీతి గుడ్డను మీరు చివరిసారి ఎప్పుడు ఉతికారు?

తల తిప్పుకోకండి, మిమ్మల్నే అడుగుతున్నాను. స్త్రీపురుష సమానత్వం మీద పుస్తకాలు చదివిన మిమ్మల్ని, సభల్లో ముందు వరసలో కూర్చొని తలూపే మిమ్మల్ని. ఉతికానంటారా? అయితే మరక పోవాలంటే ముందు ఏ నీళ్ళు పోయాలో చెప్పండి. వేడివా, చల్లవా? చెప్పలేకపోయారంటే ఈ నాలుగు పేజీలు మీకోసమే. చెప్పలేనివాళ్ళలో మొదటివాణ్ణి నేనే. బిడ్డకు ఐదు నెలలు వచ్చేదాకా నాకా సంగతి తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. అన్నిటికంటే సిగ్గుచేటు అదే.

అప్పుడు మేము సెంటినరీ కాలనీలో రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా నాయన గనిలో దిగి బొగ్గు తీశాడు. ఆయన పుణ్యమా అని నాకు గని ఆఫీసులో హాజరు రాసే గుమాస్తా పని దొరికింది. పుణ్యం అన్న మాట హేతువాది రాయకూడదు. ఆయన చెమట వల్ల అని దిద్దుకుంటున్నాను. డ్యూటీ దిగగానే నా అసలు పని మొదలయ్యేది. గోదావరిఖని చౌరస్తాలోనో, కాలనీ గ్రౌండులోనో మైకు పట్టుకునేవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించుకొని చూపించేవాణ్ణి. గాలిలోంచి విభూతి తీసి ఇచ్చే బాబా ఒకడు మా కాలనీకి వస్తే, అందరి ముందు వాడి చెయ్యి పట్టుకొని, “బూడిద కోసం ఇంత తిప్పలెందుకు స్వామీ? మా లైన్ల ఏ ఇంటి మీద చెయ్యి చాపినా దొరుకుతది” అన్నాను. జనం పడీపడీ నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా ఏళ్ళు భోజనంలాగా పనిచేసింది.

నా పెళ్ళి కూడా సభే. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు, రెండు దండలు, ఒక మైకు. ఆ మైకులో నేను అన్న మాటలు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. “నా సహచరి నాకు వండిపెట్టడానికి రావడం లేదు. ఆమె టీచరు అవుతుంది. ఆమె పుస్తకం పట్టుకున్నప్పుడు చీపురు నేను పట్టుకుంటాను.” చప్పట్లు ఆగలేదు. పెళ్ళైన వారంలోనే, నన్ను మీరు అనొద్దు, నువ్వు అనాలని ఆమెకు చెప్పాను. ఆమె సిగ్గుపడుతూ అలాగే అంది. అది నేను ఇచ్చిన స్వేచ్ఛ అనుకున్నాను. నిజానికి నేను ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది.

ఆమె పెళ్ళికి ముందే టీచరు ట్రైనింగు పూర్తి చేసింది. డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ ఉంది. ఎండాకాలంలో మాకు ఆడపిల్ల పుట్టింది. పిల్లకు రెండు నెలలు నిండకముందే డీఎస్సీ పడింది. పరీక్షకు వానాకాలం మొత్తం చేతిలో ఉంది. పిల్లను ఒళ్ళో వేసుకొని, మోకాలి మీద పుస్తకం ఆనించుకొని, శిశువు మనసు ఎలా ఎదుగుతుందో ఆమె బట్టీ పట్టేది. శిశువు మాత్రం ఆ పుస్తకం మీదే ఉచ్చపోసేది.

ఒకరోజు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అంది: “పరీక్ష అయ్యేదాక ఏదన్న ఒక దారి చూద్దాం. దినాం రెండు గంటలు ఈ గుడ్డల కాడ్నే పోతున్నయి. చదివింది చదివినట్టే మర్చిపోతున్న.”

సరిగ్గా ఆ వారంలోనే రామగుండంలో ఉండే వాళ్ళక్క వచ్చి డైపర్ల ప్యాకెట్ ఒకటి ఇచ్చిపోయింది. మా క్వార్టరుకు గోడ ఆనుకొని ఉండే అవ్వ, బొగ్గు కొట్టి రిటైరైన పెద్దాయన భార్య, అంతకుముందే తన పాత నూలు చీరలు చింపి గుడ్డల మూట ఇచ్చి ఉంది. అవ్వ ఆదివారం చర్చికి తెల్లచీర కట్టుకొని పోతుంది; మా పిల్ల కింద ఉన్నవన్నీ అలాంటి తెల్లచీరల ముక్కలే. ఇటు మూట, అటు ప్యాకెట్. నా భార్య దారి చూద్దామంది. నాకు వినిపించింది వేరు. డైపర్లు కావాలంటోంది అని వినిపించింది.

అప్పుడు మామూలు మనిషి ఎవడైనా ఏం చేస్తాడు? గుడ్డలు తీసుకొని నల్లా దగ్గరికి పోతాడు. లేకపోతే ప్యాకెట్ విప్పుతాడు. నేను చర్చ పెట్టాను.

నవ్వకండి. మా చర్చావేదికలో ఐదారుగురం ఉండేవాళ్ళం. ప్రతి ఆదివారం ఎవరో ఒకరి వాకిట్లో కూర్చొని ఒక అంశం తీసుకొని రెండు పక్షాలు వాదించుకునేవాళ్ళం. దేవుడున్నాడా, వాస్తు శాస్త్రమా, రాష్ట్రం వస్తే ఏమొస్తుంది. ఇంటి విషయం కూడా పిడివాదంతో కాక తర్కంతో తేల్చుకోవాలని నా పట్టుదల. అందుకని ఆ ఆదివారం అంశం: ఆధునిక కుటుంబానికి తగినది గుడ్డా, డైపరా? గుడ్డ పక్షాన నేను. డైపర్ పక్షాన నా భార్య; ఆ పక్షం ఆమెకు నేనే కేటాయించాను. అధ్యక్షత కూడా నేనే వహించాను. ఇందులో తప్పేముందో ఆ రోజు నాకు కనిపించలేదు.

మా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసే దోస్తు వచ్చాడు. హైస్కూల్లో సైన్సు చెప్పే సారు గడియారం పట్టుకొని వచ్చాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. నా భార్య అందరికీ చాయ్ పోసి, పిల్లను భుజాన వేసుకొని చివరి కుర్చీలో కూర్చుంది. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు అని సైన్సు సారు ప్రకటించాడు. నాకు పది నిమిషాలు పట్టింది. పరాయి దేశాల కంపెనీల ప్లాస్టిక్ గురించి చెప్పాను. భూమిలో కలవని చెత్త గురించి చెప్పాను. పసిపిల్లల చర్మం గురించి, మన అవ్వల నూలు చీరల మెత్తదనం గురించి చెప్పాను. “మన తాతలు ఏ డైపర్ కట్టుకొని పెరిగి గనిలకు దిగిండ్రు?” అనగానే అందరూ గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది. ఆ పది నిమిషాల్లో నేను చెప్పిన ఒక్క మాటా అబద్ధం కాదు. అబద్ధం చెప్పకుండా కూడా మనిషి ఎంత మోసం చేయగలడో నాకు తర్వాత తెలిసింది.

ఆమె లేచి నిలబడింది. కాగితం మడత విప్పింది. సరిగ్గా అప్పుడు గోడ అవతలి నుంచి అవ్వ కేక వేసింది.

“బిడ్డా, నల్లా వచ్చింది! జల్ది రా, మళ్ళ పోతది!”

మా క్వార్టర్ల లైనుకు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చినా ఎంతసేపు ఉంటుందో చెప్పలేం. ఆమె నా వైపు చూసింది, సైన్సు సారు వైపు చూసింది. అంతలో భుజం మీది పిల్ల గుడ్డ ఖరాబు చేసింది. “రెండు నిమిషాలు, వస్త” అని కాగితం మడిచి, పిల్లను చాప మీద పడుకోబెట్టి, బకెట్ తీసుకొని పెరట్లోకి పోయింది.

రెండు నిమిషాలు అయ్యాయి. ఐదు అయ్యాయి. పెరట్లో బండ మీద గుడ్డలు కొడుతున్న చప్పుడు. సైన్సు సారు గడియారం చూసి ఇబ్బందిగా కదిలాడు.

“ప్రతిపక్షం వేదిక విడిచి వెళ్ళింది కాబట్టి...” అని నేను మొదలుపెట్టాను.

“అన్నా, వదిన లేకుంట తీర్పెట్ల ఇస్తవే?” అన్నాడు ఫిట్టర్ దోస్తు. “జర ఆగు. నీళ్ళు పట్టుకొని వస్తది గద.”

“నియమమంటే నియమమే. రేపు బాబాలు గూడ గిట్లనే మధ్యలో లేచిపోతరు. అప్పుడు ఆగుతమా?”

“వదినకూ బాబాకూ పోలికేందే!” అని వాడు తల కొట్టుకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ముగింపు ఉపన్యాసం మొదలుపెట్టాను. పెరట్లో చప్పుడు మాత్రం ఆగలేదు. ధబ్, ధబ్ మని నా ప్రతి వాక్యం మధ్యలో పడుతోంది. అప్పుడు నేను చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. వాకిట్లోంచే గొంతు పెంచి అన్నాను: “కొంచెం మెల్లగ కొట్టు! మాటలు వినపడ్తలేవు!”

చప్పుడు మెల్లబడింది.

చేతులెత్తమన్నాను. ఫిట్టర్ తప్ప అందరూ ఎత్తారు. గుడ్డ గెలిచింది. మోచేతుల దాకా తడితో ఆమె తిరిగొచ్చేసరికి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. “ఏమైంది?” అంది. “గుడ్డ గెలిచింది” అన్నాను. ఆమె నా మొహం చూసింది, తర్వాత తీగ మీద అప్పుడే ఆరేసిన గుడ్డల వైపు చూసింది. “సరే” అంది. ఆ కాగితం ఏమైందో నేను అడగలేదు.

వానాకాలం ముదిరింది. మా ప్రాంతంలో గుడ్డలు ఆరేయడం ఎలాంటి పనో ఆరేసినవాళ్ళకే తెలుసు. వాన లేని పూట మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరుగుతుంది. కిటికీలు అదిరేలోపు తీగ మీదివన్నీ లోపలికి తేవాలి. లేకపోతే తెల్ల గుడ్డ మీద నల్లటి పొడి కూర్చుంటుంది, దాన్ని మళ్ళీ ఉతకాలి. వాన ఉన్న పూట తీగే లేదు. కుంపట్లో బొగ్గులు వేసి, మీద గంప బోర్లించి, గంప మీద ఒక్కొక్క గుడ్డ పరిచి తిప్పుతూ ఆరబెట్టాలి. ఒక చేత్తో గుడ్డ తిప్పుతూ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకొని ఆమె చదవడం నేను చాలాసార్లు చూశాను. చూసి ముచ్చటపడ్డాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను, ముచ్చటగా ఉందని. ఆమె వేళ్ళ సందులు నీళ్ళకు నాని, సబ్బుకు చీలి, తెల్లగా పాలిపోయాయి. అవి మాత్రం నేను చూడలేదు.

తీర్పు ఇచ్చిన రెండున్నర నెలల తర్వాత ఒక రోజు, నాకు వారపు సెలవు. మూడు రోజులు కురిసి అప్పుడే తెరిపిచ్చింది. మా లైను వెనక మోరి నిండి, నీళ్ళు పెరళ్ళలోకి ఎదురు తన్నాయి. మోరీలు తీసే ఆమె కొక్కెం కట్టిన పొడుగు కర్రతో వచ్చి కెలకడం మొదలుపెట్టింది. కర్రకు అందనప్పుడు చీర దోపుకొని, వంగి, చెయ్యి పెట్టి లాగింది. ఒకటి బయటికి వచ్చింది. ఇంకొకటి. మరొకటి. ఉబ్బి, తెల్లగా, ముద్దలు ముద్దలుగా, వాడి పారేసిన డైపర్లు.

“ఏ ఇంటియమ్మా ఇవి?” అని గట్టిగా అరిచింది. “పిల్లల్ని గన్న తల్లులు జర బయటికి రాండ్రి, మీ బన్ను రొట్టెలు మీరు తీస్కపోండ్రి! మోరి తిని తిని ఎట్ల బలిసినయో సూడుండ్రి!”

లైనులో ఉన్నవాళ్ళందరూ పెరటి తలుపుల దగ్గరికి వచ్చారు. నేను కూడా వచ్చాను. నాకు మాట్లాడే సందర్భం దొరికింది. ముక్కు మూసుకున్న వాళ్ళ మధ్య నిలబడి మొదలుపెట్టాను. ఆ చెత్త భూమిలో కలవదని, బద్ధకం వల్ల మనుషులు ఇలాంటి వాటికి అలవాటు పడుతున్నారని, ఎవరు వేశారో ధైర్యంగా ముందుకొచ్చి ఒప్పుకోవాలని. “మా ఇంట్ల ఇవి వాడం. చర్చ పెట్టి తీర్మానం చేసుకున్నం” అన్నాను.

“నీ తీర్మానం మోరికి తెల్వదు కొడుకా” అంది అవ్వ, గోడ మీద చేతులు ఆనించి. “ఇగ ఊకో. లోపటికి పో.”

అవ్వ ఎందుకు ఊరుకోమంటోందో నాకు అర్థం కాలేదు. మోరీ తీసే ఆమె నడుము నిటారు చేసి నన్ను పరీక్షగా చూసింది.

“సార్, ఆనాడు చౌరస్తల మాట్లాడింది మీరే గదా? మనిషి పీతి మనిషితోని ఎత్తిపిచ్చుడు తప్పు అన్నరు?”

“అవునమ్మా, నేనే.”

“నేను ఆడ్నే ఉంటి. సప్పట్లు గూడ కొట్టిన.” అంతే అంది. అని మళ్ళీ వంగి మోరీలో చెయ్యి పెట్టింది.

నా వెనక నుంచి నా భార్య వచ్చింది. పిల్లను నా చేతుల్లో పెట్టింది. “మావే అక్కా” అంది. “ఆ కర్ర నాకియ్యి. నేను తీస్త.”

“వద్దు సెల్లె,” అంది ఆమె వెంటనే, “నీ చేతులు సూడు ఎట్లున్నయో. పుండ్లుండంగ దీంట్ల పెడ్తవా?”

ఒక్క చూపులో చూసింది ఆమె. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర కూర్చొని రెండున్నర నెలలు నేను చూడని చేతులను, మోరీలోంచి తల ఎత్తి ఒక్క చూపులో చూసింది. నా భార్య వినలేదు, కర్ర అందుకుంది. ఒకరు కొక్కేనికి తగిలించి దగ్గరికి లాగుతున్నారు, ఇంకొకరు చేత్తో ఎత్తి తట్టలో వేస్తున్నారు. లైను మొత్తం చూస్తోంది. అప్పుడు నేను ఏం చేశానో చెప్పనా? “పాపకు చల్లగాలి తాకుతది” అన్నాను. అని లోపలికి పోయాను. ఐదు నెలల బిడ్డను అడ్డం పెట్టుకొని దాక్కున్నాను.

లోపల పిల్ల గుడ్డ తడిపింది. మార్చుదామంటే ఆరిన గుడ్డలు ఎక్కడ పెడతారో నాకు తెలియదు. పెట్టెలో వెతికాను, మంచం కింద వెతికాను. గుడ్డల పక్షాన పది నిమిషాలు వాదించిన మనిషిని. నా ఇంట్లో ఆ గుడ్డలు ఏ మూల ఉంటాయో తెలియక పిల్లను చంకన వేసుకొని తిరిగాను. బియ్యం డబ్బా వెనక డైపర్ల ప్యాకెట్ దొరికింది. గోడ అల్మారాలో ఆమె పుస్తకాల వెనక గుడ్డల దొంతర దొరికింది. గుడ్డ లాగితే దానితోపాటు ఒక కాగితం కింద పడింది. ఆ ఆదివారం నాటి కాగితమే. నాలుగు మడతలు.

టీచరు కావాల్సిన చేతిరాత, గుండ్రంగా, గీతల మధ్య. “అధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం” అని మొదలుపెట్టింది. కింద ఇలా ఉంది: “డైపర్ పక్షాన మాట్లాడమని నాకు చెప్పారు. కానీ నాకు డైపర్లు అక్కరలేదు. గుడ్డలే మంచివి, పిల్లకు ఒరుసుకోవు. అవ్వ ప్రేమతో ఇచ్చింది. కాబట్టి ఏది వాడాలన్నది ప్రశ్న కాదు. ఎవరు ఉతకాలన్నది ప్రశ్న. పరీక్ష అయ్యేవరకు రోజుకు ఒక పూట గుడ్డలు అధ్యక్షులవారు ఉతికితే నేను ఓడిపోవడానికి సిద్ధంగా ఉన్నాను.” చివర రెండు చుక్కలు పెట్టి చిన్న నవ్వు మొహం గీసింది.

అంతే. దానికి ఐదు నిమిషాలు కూడా అక్కరలేదు. నల్లా ఇంకొక్క నిమిషం ఆలస్యంగా వచ్చి ఉంటే చాలు. కాదు, నల్లాను అనకూడదు. నేను ఒక్క నిమిషం ఆగి ఉంటే చాలు.

ఆమె లోపలికి వచ్చి మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంది. రెండుసార్లు కడుక్కుంది. నేను కాగితం చేతిలో పట్టుకొని నిలబడ్డాను.

“ఎందుకు చెప్పలేదు?” అన్నాను. అప్పటికీ ప్రశ్న అడిగేది నేనే.

“చెప్పుమని ఐదు నిమిషాలిచ్చినవు. నల్లా వచ్చింది.”

“తర్వాత చెప్పొచ్చు గదా.”

“తర్వాత తీర్పయిపోయింది గద.”

వెటకారం లేదు ఆ మాటలో. ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. మెల్లగా అన్నీ చెప్పింది. నాలుగు రోజులు ముసురు పట్టి ఒక్క గుడ్డ కూడా ఆరనప్పుడు మొదలుపెట్టిందట. వాళ్ళక్క ఎవరితోనో ప్యాకెట్లు పంపేది. నేను డ్యూటీకి పోగానే పిల్లకు డైపర్ వేసి చదువుకునేది. నేను వచ్చే ముందు తీసి గుడ్డ కట్టేది. లైను చివర చెత్తకుప్ప ఉంది కదా, అందులో ఎందుకు వేయలేదని అడిగాను. “ఆడ మీ వాళ్ళు చాయ్ తాగుతుంటరు. చూస్తరని” అంది. ఇంకో మాట కూడా చెప్పింది. రోజూ సాయంత్రం నేను వచ్చేలోపు, ఉతికిన గుడ్డలే నాలుగు మళ్ళీ నీళ్ళలో ముంచి తీగ మీద వేసేదట. తీగ ఖాళీగా ఉంటే నాకు అనుమానం వస్తుందని.

ఆ తీగను చూపించి మా వాళ్ళతో ఎన్నిసార్లు గొప్పలు పోయానో.

“వచ్చే ఆదివారం మళ్ళీ సభ పెడదాం,” అన్నాను. “అందరి ముందు నా తీర్పు వాపసు తీసుకుంట. తప్పు ఒప్పుకుంట.”

“సభ వద్దు,” అంది. “గా బకెట్ తీస్కపో.”

పరీక్షకు పంతొమ్మిది రోజులుంది.

బకెట్ తీసుకొని పెరట్లో కూర్చున్నాను. మరక గట్టిగా ఉంది కాబట్టి వేడి నీళ్ళయితే త్వరగా పోతుందని తర్కించాను. పొయ్యి మీద నీళ్ళు కాచి గుడ్డల మీద కుమ్మరించాను. పసుప్పచ్చటి మరక అక్కడే పాతుకుపోయింది. ఎంత రుద్దినా కదలలేదు. గోడ మీంచి అవ్వ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

“వేడి నీళ్ళు పోస్తె మరక కూసుంటది కొడుకా! ముందుగాల సల్లనీళ్ళల్ల జాడియ్యాలె. కర్పూరం నోరెట్ల కాల్చదో తెల్సు గని, గిది తెల్వదా నీకు?”

తెలియదు. గుడ్డులో తెల్లసొన వేడికి గడ్డకడుతుందని తెలుసు. అదే కారణమని, అదే సైన్సని, ఆ మాట వినగానే అర్థమైంది. కానీ ఆ సైన్సు ఇన్నేళ్ళూ అవ్వ చేతుల్లో ఉంది, నా భార్య చేతుల్లో ఉంది. నేను మైకుల్లో వెతుకుతున్నాను. ఆ మరక పట్టిన గుడ్డ ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ పంతొమ్మిది రోజులు ఉతికాను. నన్ను మెచ్చుకోవద్దని ముందే చెప్తున్నాను, ఎందుకంటే మా లైను మొత్తం మెచ్చుకుంది. నల్లా దగ్గర నేను కూర్చుంటే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. “ఎంత మంచోడమ్మా, పెండ్లాం చదువు కోసం గుడ్డలు పిండుతుండు” అనేవాళ్ళు. రెండున్నర నెలలు పిండిన మనిషిని ఎవరూ ఏమీ అనలేదు. ఇక్కడ ఇంకో సిగ్గు కూడా ఒప్పుకోవాలి: మొదటి మూడు నాలుగు రోజులు ఆ మెచ్చుకోలు నాకు బాగుంది. మనుషులు తిరిగే వేళ చూసుకొని ఉతికాను. ఒకరోజు ఫిట్టర్ దోస్తు సైకిల్ ఆపి, “అన్నా, ఇగ ఇప్పుడు ఏ పక్షం గెలిచినట్టే?” అన్నాడు. చేతిలోని గుడ్డను ఇంకోసారి జాడించాను. మర్నాటి నుంచి ఎవరూ తిరగని వేళ చూసుకొని ఉతికాను.

మోరీ తీసే ఆమె తర్వాతి వారం పక్క లైనులో కనిపించింది. క్షమించమనడానికి మాటలు కూర్చుకొని పోయాను. రెండో వాక్యంలోనే ఆపేసింది. “మాఫీ గీఫీ ఎందుకు సార్. మోరిల ఎయ్యకుండ్రి, గంతే.” అని పనిలో పడింది. నా జీవితంలో నేను విన్న ఉపన్యాసాల్లో అంత చిన్నది ఇంకొకటి లేదు.

పరీక్ష రోజు సెంటరు గేటు బయట పిల్లను ఎత్తుకొని నిలబడ్డాను. సంచిలో ఆరు గుడ్డలు పెట్టుకొని పోయాను. ఆమె నవ్వుతూ బయటికి వచ్చింది, బాగా రాశానంది. ఉద్యోగం రాలేదు. ఎన్ని మార్కుల్లో పోయిందో నాకు తెలుసు. ఇక్కడ రాయొద్దని ఆమె అంది కాబట్టి రాయను. ఆ రెండున్నర నెలల్లో రోజుకు రెండు గంటలు ఆమెకు ఉండి ఉంటే వచ్చేదా? తర్కప్రకారం రుజువు చేయలేం. నేను నమ్మేది మాత్రం వచ్చేదనే. రుజువు లేకుండా నేను నమ్మే విషయం అదొక్కటే.

తర్వాత ఉద్యమం వచ్చింది. బళ్ళు మూతపడ్డాయి, గనులు ఆగాయి. నేను మళ్ళీ మైకు పట్టుకున్నాను, చౌరస్తాల్లో అరిచాను. రాష్ట్రం వచ్చింది. వచ్చాక డీఎస్సీ ఇంకా పడలేదు. ఆమె ఒక ప్రైవేటు బళ్ళో చిన్న పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది. సాయంత్రం వచ్చి ఆ పాత పుస్తకాలే తీసి కూర్చుంటుంది. పిల్లకు ఇప్పుడు గుడ్డలతో పని లేదు. కానీ ఇంట్లో ఉతికేవి, తోమేవి, ఊడ్చేవి ఎప్పుడు తక్కువ? ఈ మధ్య ఒక కొత్త తండ్రి మా ఇంటికి వచ్చి, “అన్నా, మీరు ఆలోచించే మనిషి. గుడ్డలు వాడాల్నా, డైపర్లు వాడాల్నా?” అని అడిగాడు. లోపలి గదిలో పేజీ తిప్పుతున్న చప్పుడు ఆగింది. నేను ఏం చెప్తానో ఆమె వింటోంది.

అతనికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఏది వాడాలో నన్ను అడగకండి. గుడ్డ వాడితే ఒక మనిషి చెయ్యి నానుతుంది, డైపర్ పారేస్తే ఇంకొక మనిషి చెయ్యి మోరీలోకి పోతుంది. ఆ రెండు చేతుల్లో ఒక్కటి కూడా మీది కాకపోతే, మీ అభిప్రాయం నాకే కాదు, ఎవరికీ అక్కరలేదు. డైపరే వాడితే, దాన్ని మీరే విప్పండి, అందులోది మీరే పాయిఖానాలో దులపండి, కాగితంలో చుట్టి మీరే చెత్తలోకి మోయండి. గుడ్డ వాడితే, ఇప్పుడే ఈ పేజీ మూసి లేవండి. మీ ఇంట్లో బకెట్ ఎక్కడుందో వెతకండి. ఎవరినీ అడక్కండి, మీరే వెతకండి. చల్లనీళ్ళు పోయండి. మెల్లగా కొట్టండి. లోపల ఆమె చదువుకోవాలి.